ఇరవై ఆరో అరువు

స్టాన్లీ,
12 ఫిబ్రవరి 2023

వెర్నా అక్కకి,

నువ్వు పంపిన పలక చేరింది. పెట్టె మీద ఈ-రీడర్ అని రాసి ఉంది కానీ, నాన్న బడికి పట్టుకెళ్ళిన పలకకీ దీనికీ చెక్క చట్రం ఒక్కటే తేడా. వారం రోజులు దాన్ని ముట్టుకోవడానికే జంకాను. తర్వాత పక్క ఊరి లైబ్రరీలో పనిచేసే మార్నీ వచ్చి అక్షరాలు పెంచడం నేర్పింది. ఇప్పుడు ఒక్కో అక్షరం పీతంత ఉంది. పేజీకి పాతిక మాటలు కూడా పట్టవు. నా చూపు మధ్యలో ఉన్న మసక మచ్చని తప్పించుకుంటూ తల పక్కకి వంచితే మాటలు దొరుకుతున్నాయి. రోజుకో గంట, అంతే. ఆపైన కళ్ళు మొరాయిస్తాయి. అయినా ఆరేళ్ళ తర్వాత మళ్ళీ చదువుతున్నానక్కా.

అసలు సంగతి ఇది. మార్నీ లైబ్రరీ జాబితా వెతుకుతూ ఆగి, "ఐలీన్ పైబస్ అంటే మీ ఆవిడేనా?" అంది. ఐలీన్ పుస్తకం అందులో ఉంది. 'తీగ మీద బట్టలు'. తొమ్మిదేళ్ళ కిందట హోబార్ట్‌లో ఎవరో ముగ్గురు కలిసి పెట్టిన కంపెనీ వేసిందే. వేసింది అనడానికీ లేదు, కాగితమే లేదు కదా. కంపెనీ రెండేళ్ళకి మూతపడింది. వాళ్ళ దగ్గర కొనుక్కున్న పుస్తకాలు కూడా ఆ తర్వాత ఎవరికీ తెరుచుకోలేదట. ఐలీన్ రాసుకున్న కంప్యూటర్‌ని, తను చనిపోయిన నెలకే, లోపలున్నదంతా చెరిపించి చర్చి సంతకి ఇచ్చేశాను. మంచి పనే అనుకున్నాను. అంటే ఇప్పుడు ఆ పుస్తకం లోకంలో ఉన్నది లైబ్రరీలో ఆ ఒక్కటే.

నేనది చదవలేదు. ఈ మాట నీకెప్పుడూ చెప్పలేదు. కంపెనీకి పంపే ముందు ఒకసారి చూడమని అడిగింది. "కాగితం మీద వచ్చినప్పుడు చదువుతాలే" అన్నాను. మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు రెండో అధ్యాయంలో ఉన్నాను. పుస్తకమంతా ఉతికిన బట్టల గురించే. ఏ గాలికి ఏ బట్ట ఎలా ఎగిరింది, ఏ మబ్బుకి తను తీగ దగ్గరికి పరిగెత్తింది. నా ప్యాంటు రేవు దాకా ఎగిరిపోయి పీతల బుట్టల మీద పడిన కథతోనే మొదలు. ఇంత నవ్వు తనలో ఎక్కడ దాచిందో నాకు తెలీదు.

ఒక్క సందేహం. గడువు ఇరవై ఒక్క రోజులట. నేను ఎక్కడికీ తీసుకెళ్ళి ఇవ్వక్కర్లేదట. మరి అది తిరిగి ఎలా వెళుతుంది? వెళ్ళి ఎక్కడ కూర్చుంటుంది? ముప్పై ఎనిమిదేళ్ళు లైబ్రరీలో ఆ పనే చేశావు, నువ్వే చెప్పాలి.

ఫోన్ చెయ్యకు. ఫోన్లో నన్ను మాట్లాడనివ్వవు.

నీ తమ్ముడు,
కెల్విన్


లేడీ బ్యారన్, ఫ్లిండర్స్ దీవి,
22 ఫిబ్రవరి

ఒరేయ్ కెల్విన్,

నీ కోసం పెట్టెల మీద పేర్లు రాసే లావు నల్ల పెన్నుతో రాస్తున్నాను. పేజీకి పది లైన్లు. పోస్టాఫీసు వాళ్ళు కవరు బరువు చూసి నేను ఇటుకలు పంపుతున్నాననుకుంటారు.

పుస్తకం ఎక్కడికీ వెళ్ళదురా. అది ఉన్నచోటే ఉంటుంది. గడువు తీరిన నిమిషాన నీ పలకలో దానికి తాళం పడుతుంది. నువ్వు వాక్యం మధ్యలో ఉన్నావా, కంట నీళ్ళు పెట్టుకుంటున్నావా అని చూడదు. అందుకని త్వరగా చదువు.

నీ ఉత్తరం చదివాక నాకు వేరే దిగులు పట్టుకుంది. లైబ్రరీ సంగతి నీకు తెలీదు. రెండేళ్ళపాటు ఎవరూ ముట్టని పుస్తకాన్ని అరలోంచి తీసేస్తారు. నేనే ఎన్నింటిని తీసేశానో లెక్కలేదు. కొన్నింటి మీద జాలిపడి, నా పేరున నేనే అరువు తీసుకుని బతికించాను. హోబార్ట్‌లో నాతో పనిచేసిన ఆవిడకి ఫోన్ చేసి కనుక్కున్నాను. ఐలీన్ పుస్తకాన్ని తొమ్మిదేళ్ళలో తీసుకున్నది ముగ్గురంటే ముగ్గురు. నీతో నలుగురు. ఇది ఇంకా జాబితాలో ఉండటమే అదృష్టం.

ఏం భయపడకు. నేనున్నాను. మా టీ క్లబ్బులో పద్నాలుగు మంది, పాటల బృందంలో అయిదుగురు. అందరికీ నిన్ననే చెప్పాను, ఆ పుస్తకానికి పేరు నమోదు చేసుకోమని. డెల్సీకి చెవుడు కదా, ఆవిడకి నాలుగుసార్లు చెప్పాను, పక్క గదిలో వాళ్ళకి కూడా అర్థమైంది. పుస్తకం చెయ్యి మారుతూ ఉంటే చావదురా. ఇది నా ఉద్యోగం నేర్పిన ఏకైక సత్యం.

సముద్రపు మటన్‌పిట్టలు పట్టే కాలం వస్తోంది. ఈసారి ఉప్పువేసినవి పంపుతాను.

మీ అక్క,
వెర్నా


స్టాన్లీ,
20 మార్చి

అక్కా,

నువ్వన్నట్టే అయింది. మూడో తారీఖున, ఏడో అధ్యాయంలో, 'ఆ రోజు కెల్విన్ చొక్కా' అన్న మాట దగ్గర పుస్తకం మూసుకుపోయింది. నా చొక్కా ఏమైంది? పదిహేడు రోజులుగా అదే ఆలోచన. చిరిగిందా, కొట్టుకుపోయిందా, ఎవరికైనా ఇచ్చేసిందా? పాత చొక్కాలన్నీ తీసి మంచం మీద పరిచి చూశాను.

మళ్ళీ కావాలని అడిగితే, నాకంటే ముందు పందొమ్మిది మంది ఉన్నారని పలక చెప్పింది. పందొమ్మిది. తొమ్మిదేళ్ళు ఎవరికీ పట్టని పుస్తకం కోసం ఇంతమంది ఎక్కడినుంచి ఊడిపడ్డారు? బేకరీలో గుల్ల మాంసం కూరిన స్కాలప్-పై కట్టిస్తుంటే కౌంటరు దగ్గరావిడ నన్ను అదోలా చూసింది. ఊరంతా మా ఇంటి సంగతులు చదివేసింది, చదవనివాణ్ణి నేనొక్కణ్ణే అనిపిస్తోంది.

ఇంకోటి అడుగుతాను, నవ్వకు. ఇది కాగితం కాదు. అరిగిపోదు, చినగదు, ఒకరి చేతిలో ఉంటే ఇంకొకరి చేతిలో ఉండకూడదన్న నియమం ప్రకృతిలో ఎక్కడా లేదు. మరి దీనికి వరుసేమిటి? మార్నీని అడిగితే, "లైబ్రరీ కొన్నది ఒక్క ప్రతి, ఒక్కసారికి ఒక్కరే" అంది. లేని వస్తువు ఒక్కటే ఉండటమేమిటో నాకు బుర్రకెక్కలేదు.

నువ్వు చదివావా? అందులో నా గురించి ఏమైనా చెడ్డగా ఉందా? ఉంటే ఉందని రాయి.

కెల్విన్


లేడీ బ్యారన్,
8 ఏప్రిల్

నాయనా కెల్విన్,

ఆ పందొమ్మిది మందీ నా సైన్యమేరా. బేకరీ ఆవిడకి పాపం ఏమీ తెలీదు, నువ్వు చొక్కా తిరగేసి తొడుక్కుని ఉంటావు, అందుకని చూసి ఉంటుంది.

నువ్వు ఆగలేకపోతున్నావని అర్థమై, అందరికీ కొత్త ఉత్తర్వు ఇచ్చాను. పుస్తకం రాగానే తెరవండి, మూసెయ్యండి, వెంటనే తిరిగి ఇచ్చెయ్యండి అని. చదవక్కర్లేదు. లెక్కలో పడితే చాలు. ఇలాగైతే నీ వంతు మే మొదట్లోనే వచ్చేస్తుంది, పుస్తకానికి గిరాకీ ఉందని పైవాళ్ళకీ తెలుస్తుంది. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు. కొందరు మాట వినకుండా చదివేస్తున్నారు. పాటల బృందంలో ఒకావిడ ప్యాంటు కథ దగ్గర నవ్వి నవ్వి కట్టుడు పళ్ళు తీసి పక్కన పెట్టిందట.

నేను చదవలేదు. నా వంతు వదులుకున్నాను, నీకు ఒక మనిషైనా తగ్గుతారని. కాబట్టి నీ చొక్కా సంగతి, నీ గురించి చెడ్డ సంగతి నాకు తెలీదు. చెడ్డగా రాయాలంటే ఐలీన్‌కి విషయం తక్కువేమీ ఉండదనుకో.

లేని వస్తువు ఒక్కటే ఎలా ఉంటుందని అడిగావు. నేను కూడా రెండు రోజులు ఆలోచించాను. అది కాగితం పుస్తకంలాగే నడుచుకోవాలని అమ్మినవాళ్ళు షరతు పెట్టారు, అంతే. అలవాటైన పద్ధతే కాబట్టి నాకు మంచిగానే తోచింది.

పిట్టలు పార్సిల్ చేశాను. కిటికీ తీసి వండుకో, లేకపోతే వాసన వారం పోదు.

అక్క


స్టాన్లీ,
16 మే

వెర్నా,

పుస్తకం ఆరో తారీఖున వచ్చింది. చొక్కా గాలిపటంలా ఎగిరి స్కూలు జెండా కర్రకి చుట్టుకుందట, పిల్లలు దానికే వందనం చేశారట. ఒక్కణ్ణీ కూర్చుని పకపకా నవ్వాను. నీకు రాద్దామనుకున్న ఉత్తరం అది. రాస్తున్నది ఇది.

నిన్న మార్నీ వచ్చింది. నీ ఘనకార్యం నా నోటితో గొప్పగా చెప్పాను, ఎంతమంది తీసుకున్నారో లెక్క చూసి చెప్పు, మా అక్క సంతోషిస్తుంది అన్నాను. చూసింది. చూసి పలక పక్కన పెట్టేసింది.

"ఇరవై నాలుగు, కెల్విన్ గారూ. దీని లైసెన్సు ఇరవై ఆరు అరువులకే. ఆ తర్వాత పుస్తకం దానంతటదే జాబితాలోంచి పోతుంది. మామూలుగా అయితే మళ్ళీ కొంటాం. కొనడానికి ఆ కంపెనీ లేదుగా" అంది.

అర్థమైందా? ఎవరూ తీసుకోకపోయి ఉంటే అది ఎన్నేళ్ళయినా అక్కడే పడి ఉండేది. తీసుకున్న కొద్దీ చచ్చిపోయే పుస్తకం అది. నీ పందొమ్మిది మంది తెరిచి, చదవకుండా మూసి, పందొమ్మిది ఊపిర్లు తీసేశారు. ప్రాణం పోయబోయి గొంతు నులిమావు.

ఎడమ కంటికి మళ్ళీ సూది వేశారు. వారం రోజులు చదవకూడదట. ఇరవై ఏడో తారీఖుకి గడువు. ఎంత లాగినా పన్నెండో అధ్యాయం దాటను. మొత్తం పదిహేడు.

ఐలీన్ నీకు మొదటినుంచీ నచ్చలేదు. ఇప్పుడు తన మాట కూడా మిగల్చలేదు.

కెల్విన్


లేడీ బ్యారన్,
9 జూన్

కెల్విన్,

మూడుసార్లు రాసి చింపాను. ఇది నాలుగోది.

తప్పు నాది. ఈ వ్యాపారం తలకిందులైందని నాకు తోచనే లేదు. నా లైబ్రరీలో పుస్తకం ఎవరూ ముట్టకపోతే చచ్చేది. ఇక్కడ ముట్టుకుంటే చస్తుందని ఎవరైనా చెప్పినా నమ్మేదాన్ని కాను. ముప్పై ఎనిమిదేళ్ళ అనుభవం ఉందన్న పొగరుతో ఒక్క ప్రశ్న అడగలేదు. మంచికి పోతే చెడు ఎదురైంది అని సరిపెట్టుకుందామనుకున్నాను కానీ, అది నీకు సరిపోదు.

నీ ఉత్తరం అందిన పూటే ఇంటింటికీ తిరిగి ఇక ఎవరూ ఆ పుస్తకం ముట్టొద్దని చెప్పాను. డెల్సీ దగ్గరే బెడిసింది. ఆవిడకి సంగతి పూర్తిగా వినపడక, 'ఇంకా తీసుకోవాలి' అని అర్థం చేసుకుని రెండోసారి పేరు పెట్టేసింది. నీ గడువు తీరిన మర్నాడు పుస్తకం ఆవిడకి వెళ్ళింది. అది ఇరవై అయిదోది. ఇక ఒక్కటే ఉంది.

ఐలీన్ నాకు నచ్చలేదన్నావు. నిజమే. మొదటి పదేళ్ళు నచ్చలేదు. తక్కువ మాట్లాడేది, నేను ఎక్కువ మాట్లాడేదాన్ని, తను నన్ను లోలోపల తూకం వేస్తోందనుకునేదాన్ని. తర్వాతి ముప్పై ఏళ్ళూ నచ్చింది, ఆ మాట చెప్పలేదు. ఇప్పుడు చెప్తే ఎవరికి?

ఒక దారి ఉంది. ఆ ఆఖరి అరువు నువ్వు తీసుకుంటే ఇరవై ఒక్క రోజుల్లో ఆ మిగతా అయిదు అధ్యాయాలు చదివేస్తావేమో. అయినా ఆ తర్వాత పుస్తకం ఉండదు. నాకు వదిలిపెట్టు. మొదటి పేజీ నుంచి చివరి దాకా చేత్తో రాసేస్తాను.

కానీ ఒక చిక్కు. పుస్తకాన్ని పూర్తిగా ఎత్తి రాయడం తప్పు. జిరాక్సు మిషన్ దగ్గర నిలబడి ఎంతమందిని తిట్టానో దేవుడికి తెలుసు. మార్నీని అడిగాను, ఈసారి అడిగానురా. కంపెనీ మూతపడినప్పుడు హక్కులు తిరిగి ఐలీన్‌కి, ఆ తర్వాత నీకు వచ్చాయట. కాబట్టి నీ అనుమతి కావాలి. నోటిమాట చాలదు. కాగితం మీద, సంతకంతో.

నన్ను నమ్మమని అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

వెర్నా


స్టాన్లీ,
21 జూన్

వెర్నా అక్కకి,

ఇదిగో నీ కాగితం.

'ఐలీన్ పైబస్ భర్తనైన కెల్విన్ పైబస్ అనే నేను, నా భార్య రాసిన పుస్తకాన్ని ఆసాంతం ఎత్తి రాయడానికి నా అక్క వెర్నాకి అనుమతి ఇస్తున్నాను. ఒక్క మాట వదలకూడదు. ఒక్క మాట బాగుచేయకూడదు. ముఖ్యంగా బాగుచేయకూడదు.' సంతకం పెట్టాను. సాక్షి మార్నీ.

నీ మీద కోపం పోలేదు. కానీ పదిరోజులు అటూ ఇటూ తిప్పి చూస్తే, నాకు కోపం ఉన్నది నీ ఒక్కదాని మీద కాదు. నువ్వు పుస్తకాన్ని చదవకుండా మూయించావు. నేనసలు తెరవనే లేదు, తొమ్మిదేళ్ళు. తను చూడమని అడిగిన రోజు నేను పడవ ఇంజిన్ విప్పి కూర్చున్నాను. చేతులనిండా నూనె. తను గుమ్మంలో కంప్యూటర్ రెండు చేతులా పట్టుకుని నిలబడింది, బరువేమీ కాదు, అయినా రెండు చేతులతో. నేను తల కూడా ఎత్తలేదు. కాగితం మీద రాదని నాకు అప్పటికే తెలుసు అక్కా.

మొదట చివరి అయిదు అధ్యాయాలు రాయి. వాటిలో నన్ను ఏమన్నా సరే పంపు.

కెల్విన్


లేడీ బ్యారన్,
24 జూలై

తమ్ముడూ,

అయిపోయింది. పందొమ్మిదో తారీఖు సాయంత్రం పుస్తకం మూసుకుంది. జాబితాలో వెతికితే ఇప్పుడు పేరు కూడా రాదు. దానికి రెండు రోజుల ముందే మా పని ముగిసింది.

మా పని అన్నాను చూడు. నేనొక్కదాన్నే మొదలుపెట్టాను, మూడో రోజుకి మణికట్టు వాచింది. డెల్సీ వచ్చి చూసి వెళ్ళి, సాయంత్రానికి అందరినీ వెంటేసుకొచ్చింది. వాళ్ళలో చాలామంది చదవకుండా మూసినవాళ్ళే. అప్పటినుంచి రోజూ హాల్లో హీటర్ చుట్టూ చేరాం. ఒకరు పలక పట్టుకుని పైకి చదవడం, ఒకరు రాయడం, మిగతావాళ్ళు తప్పులు పట్టడం. డెల్సీకి వినపడదు కాబట్టి ఆవిడ పక్కన కూర్చుని తెర చూస్తూ రాసింది, అందరికంటే తప్పులు తక్కువ ఆవిడవే. చేతిరాతలు రకరకాలుగా ఉంటాయి, సర్దుకో. నీ అయిదు అధ్యాయాలు మాత్రం లావు పెన్నుతో నేనే రాశాను.

మొదటి పన్నెండు అధ్యాయాలు వేరే కట్టగా పెట్టాను, పదమూడు నుంచి పదహారు ఈ కట్టలో ఉన్నాయి. పదిహేడోది రాసి మూడు రోజులు బల్ల మీదే ఉంచాను. అది నీ గురించి. దాన్ని పంపాలా వద్దా అని నేను అనుకోవడమే తప్పు. లైబ్రరీ మనిషి పేజీ చింపకూడదు. ఇదిగో, చివరి పేజీ ఇక్కడే రాస్తున్నాను, మిగతాది విడిగా చదువుకో.

'నేను ఉతికే షెడ్డులో కూర్చుని రాస్తానని కెల్విన్‌కి తెలుసు. నాలుగింటికి టీ తెచ్చి మెట్టు మీద పెట్టి, తలుపు ఒక్కసారి తట్టి వెళ్ళిపోతాడు. తలుపు తియ్యడు. ఏడేళ్ళు అలాగే. ఒక్కరోజు లోపలికి వచ్చి ఏం రాస్తున్నావని అడిగినా, బట్టల గురించి అని చెప్పడానికి సిగ్గేసి ఆపేసేదాన్ని. అతను అడగకపోవడం వల్లే ఇది పూర్తయింది. పూర్తయ్యాక చూడమని నేనే అడిగాను. అప్పుడూ చూడలేదు. అది బాధగా ఉంది, లేదంటే అబద్ధం. టీ మాత్రం రోజూ వేడిగానే ఉండేది. ఈ రెండూ ఒక్క మనిషే చేశాడు. నలభై ఏళ్ళు కాపురం చేశాక కూడా ఇంతకంటే కచ్చితంగా చెప్పలేను.'

అంతేరా. నేనేమీ బాగుచేయలేదు.

అక్క


స్టాన్లీ,
15 ఆగస్టు

అక్కా,

కట్ట అందింది. పదిహేడో అధ్యాయం చదవడానికి నాలుగు రోజులు పట్టింది. కళ్ళ వల్ల కాదు.

తలుపు తీయకపోవడం తన మీద గౌరవమని తను అనుకుంది. అది నిజం కాదు. లోపల తను చేస్తున్నది నాకు తెలియని పని. తెలివితక్కువ మాట ఏదైనా అంటానేమోనని భయం. టీ ఇవ్వడమైతే నాకు వచ్చు. అందుకని టీ ఇచ్చాను. ఇది ఎవరికో ఒకరికి చెప్పాలి కదా, నీకు చెప్తున్నాను.

పన్నెండు అధ్యాయాల కట్టా, ఈ అయిదూ కలిపి మార్నీకి ఇచ్చాను. మీ ఆడవాళ్ళ రాతలు చూసి నవ్వింది కానీ, మొత్తం టైపు చేసేసింది. హక్కుదారు నేనే కాబట్టి, పుస్తకాన్ని లైబ్రరీకి ఏ షరతూ లేకుండా ఇవ్వొచ్చట. లెక్క ఉండదు, వరుస ఉండదు. ఒకేసారి వెయ్యిమంది తెరిచినా ఎవరి చేతిలోదీ మూసుకోదు. సోమవారం నుంచి జాబితాలో ఉంటుంది. నీ సైన్యాన్ని తీసుకోమను, ఈసారి చదవమను.

కాగితాలు సంతకం చేయించుకుంటూ మార్నీ మెల్లిగా అడిగింది, "చివరి అధ్యాయం మీకు ఇబ్బందిగా ఉంటే తీసేద్దామా?" అని. వద్దన్నాను. ఏమైనా చేర్చాలా అంది. వద్దనే అన్నాను. ఆవిడ గేటు దాకా వెళ్ళాక వెనక్కి పిలిచాను.

చివరి వాక్యం కింద ఒక లైను ఖాళీ వదిలి, మామూలు అక్షరాల్లోనే వేయమన్నాను.

'చదివాను, ఐలీన్. ఆలస్యమైంది. కెల్విన్.'

నీ తమ్ముడు